గేటు కాడి 'పరుగెత్తరాదు' ఫ్లెక్సీ గురించి మన వాకర్స్ కమిటీకి ఒక బహిరంగ లేఖ

కమిటీ పెద్దలకు, పొద్దుగాల ఐదు కొట్టంగనే గ్రౌండ్ల కనవడే కాకలకు, అన్నలకు, అక్కలకు, వదినలకు నమస్తే.

నేనెవరో మీల శానమందికి మొఖం చూస్తే ఎరుకే. ప్రతి నెల మొదటి ఆదివారం ఆ రావిచెట్టు కింద టేబుల్ ఏసుకొని మీకు బీపీ చూసేది, వేలు గుచ్చి షుగర్ చూసేది నేనే. మిగిలిన రోజులు హన్మకొండల ఒక దవాఖానల టీఎంటీ మిషిన్ (ట్రెడ్‌మిల్ మీద నడిపిచ్చి గుండె చూసేది) దగ్గర పనిచేస్త, టెక్నీషియన్‌ను, పద్నాలుగేండ్లు అయితుంది. డాక్టర్‌ను కాదు, ఆ ముచ్చట నేనే ముందు చెప్తున్న, మల్ల ఎవరన్న "నీకేం తెలుసు పిల్లా" అని గ్రూప్ల పెట్టకముందే.

మొన్న గేటు పక్కన కట్టిన ఫ్లెక్సీ చూసినంక రెండ్రోజులు ఊకున్న, ఇగ నాతోని కాలే. "ఇది వాకింగ్ ట్రాక్ మాత్రమే, పరుగెత్తరాదు, 50 దాటినవారు అసలే పరుగెత్తరాదు, మీ గుండె మీ బాధ్యత" అని గింతగింత అక్షరాలు, కింద పదకొండు ఫొటోలు. ఎందుకు కట్టిన్రో నాకు తెలుసు. పోయిన నెల డిగ్రీ పోరడు ఒకడు చెవులల్ల ఇయర్ ఫోన్లు పెట్టుకొని ఉరుక్కుంట వచ్చి మన సార్‌కు భుజం తాకిచ్చిండు, సార్ పడవోయి సర్దుకుండు, గుస్సా వచ్చింది, వస్తది మరి. దాని మీదకెల్లి ఎవరో జిమ్ముల కుప్పకూలిన మనిషి వీడియో గ్రూప్ల ఏసిన్రు, అందరికి బుగులు వట్టింది. పోరగాండ్లు చూసుకొని ఉరకాలె అని బోర్డు పెడితే నేను కిక్కురుమనకపోదును. కానీ "50 దాటినవారు" అని రాసిన్రు చూడుండ్రి, అది రాసినోళ్లకు ఒక కాయితం చూపియ్యాలె అనిపించింది. ఆ కాయితం మీల సగం మంది బీరువాలల్లనే ఉన్నది, సదువలే అంతే.

టీఎంటీ రిపోర్ట్ అది. ఛాతిల నొప్పి అని వచ్చినోళ్లను, ఆపరేషన్‌కు ముందు ఉన్నోళ్లను, ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ తీసుకున్నోళ్లను నా దగ్గరికి పంపుతరు. ఛాతి మీద, నడుము కాడ స్టిక్కర్లు అంటిచ్చి, వైర్లు తగిలిచ్చి, చేతికి బీపీ పట్టీ కట్టి బెల్ట్ మీద నడిపిస్త. మొదటి మూడు నిమిషాలు గంటకు 2.7 కిలోమీటర్లే, పెండ్లి ఊరేగింపు కన్న జర నయం, కాకపోతే బెల్ట్ ముందల పైకి లేసి ఉంటది, గుట్ట ఎక్కినట్టు. మూడు నిమిషాలకోసారి స్పీడు పెరుగుతది, ఎత్తు కూడ పెరుగుతది, రెండో మెట్టుల 4 కిలోమీటర్లు, మూడో మెట్టుల 5.5. బ్రూస్ అని అమెరికా డాక్టర్ ఒకాయన పెట్టిన పద్ధతి, ఇప్పటికీ అదే నడుస్తుంది. ఈసీజీ గీతల తేడా రాకుంటే డాక్టర్ సాబ్ "నెగెటివ్" అని సంతకం పెడతడు. మనోళ్లకు గా ఒక్క ముక్క చాలు, చొక్కా గుండీలు పెట్టుకోకముందే ఇంటికి ఫోన్, "నెగెటివ్ వచ్చిందే, ఏం లేదట" అని. అదే కాయితం మీద ఇంకో లైన్ ఉంటది, ఎన్ని నిమిషాలు నడిచిండు, ఎన్ని మెట్స్ (దమ్ము కొలిచే లెక్క, కింద చెప్త) దాంక పోయిండు, ఎందుకు ఆపినం అని. ఆ లైన్ గురించి పద్నాలుగేండ్లల నన్ను అడిగినోళ్లు ఐదారుగురు ఉంటే ఎక్కువ.

ఒక్కరోజు ముచ్చట చెప్త, పేర్లు ఊర్లు చెప్ప. పొద్దుగాల ఒక సార్ వచ్చిండు, యాభై ఆరేండ్లు, సన్నగ ఉన్నడు, పొట్ట లేదు, షుగర్ లేదు, సిగరెట్ లేదు, రోజు నడుస్త అన్నడు. నాలుగో నిమిషంల ముందున్న కడ్డీని రెండు చేతుల్తోని గట్టిగ పట్టుకుండు, గట్ల పట్టుకుంటే లెక్క తప్పు వస్తది సార్ వేళ్లతోని తాకుండ్రి చాలు అంటే వినేటట్టు లేడు, నోటితోని గాలి గుంజుతున్నడు, గుండె అప్పటికే నూట యాభై దాటింది, నాలుగున్నర నిమిషాలకు చెయ్యి ఊపిండు ఇగ ఆపమని. ఈసీజీ నీట్‌గ ఉన్నది. నెగెటివ్. మెట్స్ ఐదు చిల్లర. అదే రోజు మధ్యాహ్నం ఒకామె, అరవైకి దగ్గర, కూరగాయల గంప నెత్తిన పెట్టుకొని గల్లీ గల్లీ తిరిగేటామె, గర్భసంచి ఆపరేషన్‌కు ముందు పంపిన్రు. బీపీ ఉన్నది, గోలీ ఏసుకుంటది, జర లావు కూడ. కొంగు నడుముల దోపుకొని చెప్పులిడిచి ఒట్టి కాళ్లతోని ఎక్కింది. తొమ్మిది నిమిషాలు నడిచింది, నడుసుకుంటనే "ఇంక ఎంతసేపు బిడ్డా, నా బస్సు పోతది" అని నాతోని కొట్లాట. దిగినంక రెండు నిమిషాలల్ల గుండె నిమ్మళమైంది. 10 మెట్స్. ఇద్దరికీ కాయితం మీద నెగెటివే. సార్‌ను శభాష్ అని పంపిన్రు, ఆమెను బరువు తగ్గు అని తిట్టి పంపిన్రు. నాకు ఆ రోజు అన్నం సైసలే.

మెట్ అంటే ఏం లేదు. కుర్చీల ఊకె కూసున్నప్పుడు మన పెయ్యి కిలో బరువుకు నిమిషానికి 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుంటది, అది ఒక మెట్ అని లెక్క. 10 మెట్స్ అంటే దానికి పదింతలు. ఒక మనిషి ఉన్న బలమంత పెట్టి ఎక్కువల ఎక్కువ ఎంత ఆక్సిజన్ వాడగలుగుతడో దాన్ని వీఓటూ మ్యాక్స్ అంటరు, ఈ మధ్య చేతి వాచీలు కూడ చూపిస్తున్నయి, అవి అంచనా కట్టేటివి, నేను మెట్స్ చెప్పేది కూడ స్పీడు, ఎత్తు చూసి కట్టే అంచనానే, నిఖార్సుగ కావాలంటే మూతికి మాస్క్ పెట్టి గాలి కొలవాలె. మనకు దీనికి తాతల నాటి మాటున్నది. దమ్ము. దమ్మంటే ఊపిరితిత్తులే అనుకుంటరు గని, ఆస్తమా గిట్ల లేనోళ్లకు అక్కడ పెద్దగ ఆగది. గుండె ఒక్క దెబ్బకు ఎంత రక్తం నూకుతది, ఆ రక్తంల హిమోగ్లోబిన్ ఎంత, రక్తనాళాలు ఎంత సాగుతయి, వచ్చిన ఆక్సిజన్‌ను కాళ్ల కండలు ఎంత వాడుకుంటయి, ఇవన్నీ కలిస్తే దమ్ము. షుగర్ నంబర్ షుగర్ సంగతే చెప్తది, బీపీ నంబర్ బీపీ సంగతే చెప్తది, ఈ ఒక్క నంబర్ల మాత్రం ఇంటిల్లిపాది హాలత్ తెలుస్తది. (రక్తం అన్న కాబట్టి వదినలకు ఒక మాట. మన రాష్ట్రంల ఆడోళ్లల్ల సగం కన్న ఎక్కువ మందికి రక్తం తక్కువని సర్కారు సర్వేలనే ఉన్నది. రెండు మెట్లెక్కంగనే ఎగపోస్తుందంటే వయసు మీద పడ్డదని సరిపెట్టుకోకుండ్రి, ముందు హిమోగ్లోబిన్ చూపిచ్చుకోండ్రి.)

దీనికీ, మనిషి ఎన్నేండ్లు బతుకుతడు అనేదానికీ లంకె ఏందంటరా. మన బ్యాచ్ల ఆర్టీసీల రిటైరైన డ్రైవర్ కాక, కండక్టర్ కాక ఇద్దరూ ఉన్నరు కద, ఈ ముచ్చట వాళ్లకోసమే. లండన్ల జెరీ మోరిస్ అని ఒక డాక్టర్ 1953ల ఒక లెక్క బయటపెట్టిండు. డబుల్ డెక్కర్ బస్సులల్ల డ్రైవర్ డ్యూటీ అంత కూసునే ఉంటడు, కండక్టర్ టికెట్లకోసం పైకి కిందికి వందల మెట్లు ఎక్కుతడు దిగుతడు. అదే కంపెనీ, అదే రూటు, కానీ గుండెజబ్బు కండక్టర్లల్ల తక్కువ వచ్చింది. డ్రైవర్ కాకకు కోపం రావద్దు, ఇంకా ఉన్నది. తర్వాత మోరిస్సే యూనిఫారం ప్యాంట్ల నడుము కొలతలు తీపిచ్చిండు, చూస్తే డ్రైవర్లు నౌకరిల చేరిన నాడే జర లావున్నరు. అంటే తేడా మొత్తం మెట్లదే అనడానికి లేదు, తన లెక్కల తనే మెలిక పెట్టుకుండు, గసొంటోళ్లను నమ్మబుద్ధి అయితది. ఆయన 99 ఏండ్లు బతికిండు, అది వేరే సంగతి.

అందుకే తర్వాతోళ్లు నౌకరి చూసుడు, నువ్వు రోజు ఎంత నడుస్తవని అడుగుడు వదిలిపెట్టి, మనిషిని నా మిషిన్ అసొంటి దాని మీద ఎక్కిచ్చి దమ్మునే కొలిసిన్రు. అడిగితే ఏముంది, మనం అందరం రోజు గంట నడుస్తనే అంటం. 1989ల అమెరికాల డాలస్ దిక్కు స్టీవెన్ బ్లెయిర్, ఆయన తోటోళ్లు 13,344 మందిని ట్రెడ్‌మిల్ ఎక్కిచ్చి ఎనిమిదేండ్లకు పైన కనిపెట్టుకొని ఉన్నరు. దమ్ము తక్కువున్న మగోళ్లల్ల ఏడాదికి పదివేల మందికి 64 మంది లెక్కన పోయిన్రు, బాగున్నోళ్లల్ల 19 మంది కూడ లేరు. అన్నిట్ల మనకు పనికొచ్చేది ఏందంటే, అట్టడుగు గుంపుకు, దాని మీది గుంపుకు నడుమనే ఎక్కువ తేడా ఉన్నది. మనమేం ఛాంపియన్లం కానక్కర లేదు, అట్టడుగుకెల్లి ఒక్క గుంపు పైకి వస్తే చాలు, సగం కన్న ఎక్కువ లాభం అక్కడనే ఉన్నది. 2002ల ఇంకో లెక్క, 6,213 మంది మగోళ్లు, దాంట్ల ఒక్క మెట్ ఎక్కువుంటే చావు ముప్పు 12 శాతం తక్కువ, బీపీ కన్న సిగరెట్ కన్న షుగర్ కన్న ఈ నంబరే గట్టిగ జోస్యం చెప్పింది. మల్ల 2018ల క్లీవ్‌లాండ్ల 1,22,007 మంది టీఎంటీ రిపోర్ట్‌లు తీసి చూసిన్రు, అట్టడుగున ఉన్నోళ్లకు, అందరికన్న పైన ఉన్నోళ్లకు చావు ముప్పుల ఐదింతల తేడా. సిగరెట్ తాగుడుతోని పెరిగే ముప్పు అదే లెక్కల 1.4 రెట్లు, షుగర్‌తోని కూడ అంతే. దమ్ము మరీ ఎక్కువైతే నష్టం అన్న జాడ కూడ దొరకలే. పొగ తాగేటోన్ని చూస్తే మీరు గేటు కాడ నిలవెట్టి క్లాసు పీకుతరు, నాలుగు నిమిషాలకు కడ్డీ పట్టుకునేటోన్ని చూసి ఫిట్‌గ ఉన్నవ్ సార్ అంటరు.

మన గ్రూప్ల ఒక ఇంజినీర్ సార్ ఉన్నడు, అడ్డం తిరిగి అడుగుతడు, నాకు తెలుసు. "రోగం లోపలున్నోనికి దమ్ము తక్కువుంటది, రోగంతోనే పోతడు, మధ్యల దమ్మును ఎందుకు దొంగను చేస్తున్నవ్" అని. మంచి ప్రశ్ననే. కొంత నిజం కూడ. దమ్ముల సగం దాంక పుట్టుకతోనే వస్తది, అమెరికాల ఎలుకలను తరాల తరబడి ఉరికేటివి ఉరకనివి వేరు చేసి పెంచితే, ఉరకలేని వంశం ఎలుకలు వాటంతట అవే తక్కువ కాలం బతికినయి. మనుషులల్ల కూడ ఒకే తీరు ట్రైనింగ్ ఇరవై వారాలు ఇస్తే కొందరికి మస్తు పెరిగింది, కొందరికి పెరిగీ పెరగనట్టే. కానీ 1995ల అదే బ్లెయిర్ బృందం 9,777 మంది మగోళ్లను కొన్నేండ్ల ఎడంతోని రెండుసార్లు ఎక్కిచ్చింది. మొదటిసారి ఫెయిలై రెండోసారికి దమ్ము పెంచుకున్నోళ్లు, రెండుసార్లు ఫెయిలైనోళ్ల కన్న 44 శాతం తక్కువ చచ్చిపోయిన్రు. ఇది కూడ నూటికి నూరుపాళ్ల రుజువు కాదు సార్, మందు గోలీ లెక్క సగం మందికి దమ్ము ఇచ్చి సగం మందికి ఇయ్యకుండ చూసే పరీక్ష బతుకంత చెయ్యలేం కద. అయినా ఇంత దిక్కుల కెల్లి ఒకే మాట వస్తుంటే ఫ్లెక్సీ మీద దానికి ఉల్టా రాసుడు మాత్రం ఆగాలె.

ఇగ వయసు ముచ్చట. ముప్పై దాటినంక ఊకె కూసునేటోళ్లకు పదేండ్లకు దగ్గర దగ్గర పదోవంతు దమ్ము పోతది, కష్టం అలవాటున్నోళ్లకు అంతకన్న మెల్లగ పోతది. ఎవ్వలకు పోకుండ ఉండది. కానీ మంచం ఉన్నది చూడుండ్రి, అది వయసు కన్న పెద్ద దొంగ. 1966ల డాలస్ల ఇరవై ఏండ్ల పోరగాండ్లు ఐదుగురిని మూడు వారాలు మంచం దిగకుండ పండవెట్టిన్రు. వాళ్ల దమ్ముల పావు వంతు కన్న ఎక్కువే పోయింది. ముప్పై ఏండ్లకు మల్ల అదే ఐదుగురిని పిలిచి కొలిస్తే, ముప్పై ఏండ్ల ముసలితనం చేసిన నష్టం ఆ మూడు వారాల మంచం చేసిన నష్టం కన్న తక్కువ ఉన్నది! యాభై ఏండ్ల వయసుల వాళ్లతోని ఆరు నెలలు మెల్లగ మెల్లగ పెంచుకుంట నడిపిచ్చి ఉరికిచ్చి సైకిల్ తొక్కిస్తే, పోయిన దమ్ము ఇరవై ఏండ్లప్పుడు ఎంత ఉండెనో అంతకు వచ్చింది. యాభై దాటినవారు, కమిటీ పెద్దలారా. యాభై.

మన ఇండ్లల్ల ఏం చేస్తం? అవ్వకు జ్వరం తగ్గి వారమైనా మంచం మీదకెల్లి లేవనియ్యం, నీళ్లు మంచం కాడికే, అన్నం మంచం కాడికే, కొడుకు బిడ్డలు మంచోళ్లు అని వాడకట్టంత మెచ్చుకుంటది. నెల తిరిగేసరికి అవ్వ గోడ పట్టుకొని గని బాత్రూంకు పోలేదు. మా నాయినమ్మను మేము గట్లనే చేసినం, నేను ఈ నౌకరిల ఉండి కూడ. మెట్లెక్కుడుకు 4 మెట్స్ దాంక కావాలె, ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ "రెండంతస్తులు ఆగకుండ ఎక్కుతవా" అని అడిగేది గందుకే, ఊసుపోక కాదు. ఐదు మెట్స్ ఉన్న సార్‌కు ఇప్పుడు ఇబ్బందేం లేదు, ఆఫీస్‌కు పోతడు, బండి నడుపుతడు. పదేండ్లకు పదోవంతు లెక్కన తీసేసుకుంట పోండ్రి, నడుమ ఒక పది రోజులు ఏదన్న జ్వరం మంచం పండుకున్నడనుకోండ్రి, డెబ్బై ఐదేండ్లకు ఆ సార్ చేతుల ఏం మిగులుతది? కూరగాయల అవ్వ చేతుల ఏం మిగులుతది? బతుకుడు ఎన్నేండ్లు అనే దాని కన్న నాకు ఈ లెక్కనే ఎక్కువ భయం పెడతది.

మతిమరుపు గురించి కూడ ఒకటున్నది, మనోళ్లు దానికి ఎక్కువ భయపడతరు కాబట్టి చెప్తున్న. స్వీడన్ల గోతెన్‌బర్గ్ల 1968ల నడివయసు ఆడోళ్లు 191 మందిని సైకిల్ తొక్కిచ్చి దమ్ము కొలిసిన్రు, నలభై నాలుగేండ్లు కనిపెట్టుకొని ఉన్నరు. దమ్ము ఎక్కువున్నోళ్లల్ల నూటికి ఐదుగురికి మతి పోయే జబ్బు వచ్చింది, తక్కువున్నోళ్లల్ల 32 మందికి. 191 మంది అంటే చిన్న లెక్కనే, దీని మీద మేడలు కట్టొద్దు, కానీ ఆడోళ్ల మీద గింత కాలం ఓపిక పట్టి చేసింది కాబట్టి నాకు యాదికుంటది. నా మిషిన్ కాడికి వచ్చేటోళ్లల్ల ఆడోళ్లు శాన తక్కువ. గ్రౌండ్ల కూడ అంతే కద, వదినలు ఏడింటికి వంట పని అని ఉరుకుతరు, వాళ్ల అసలు ఉరుకుడు గదే. మన దేశంల పద్దెనిమిదేండ్లు దాటినోళ్లల్ల దగ్గర దగ్గర సగం మందికి చాలినంత కదలిక లేదని 2024ల ఒక పెద్ద లెక్క వచ్చింది, ఆడోళ్లు 57 శాతం, మగోళ్లు 42.

సరే, ఉరికితే గుండె ఆగుతదన్న మాట. అబద్ధం అనను. 1993ల అమెరికాల గుండెపోటు వచ్చినోళ్లను అడిగి ఒక లెక్క తీసిన్రు. వారంల ఒక్కసారి కూడ గట్టి కష్టం చెయ్యనోడు ఒక్క దినం దమ్ము బట్టి గట్టిగ ఉరికిండనుకో, ఆ గంటల గుండెపోటు ముప్పు మామూలు గంట కన్న 107 రెట్లు. వారంల ఐదుసార్లు, అంతకన్న ఎక్కువ చేసేటోనికి అదే ముప్పు 2.4 రెట్లు. మామూలు గంటల ఉండే ముప్పు శాన చిన్నది కాబట్టి 107 రెట్లయినా గంటకో మనిషి పడిపోతడని కాదు. ఇప్పుడు చెప్పుండ్రి, మీ ఫ్లెక్సీ ఏ గుంపును పెంచుతది? ఏడాది అంత ఉరుకొద్దని ఆపి, సంక్రాంతికి మనమే "60 దాటినవారికి పరుగు పందెం, మొదటి బహుమతి ప్రెషర్ కుక్కర్" అని పెడతం. పోయినేడు గట్లనే పెట్టినం, నేను అంబు బ్యాగ్ (ఊపిరి ఆగినోళ్లకు గాలి కొట్టే సంచి) పట్టుకొని గీత కాడ నిలబడ్డ, నా గుండె 150 కొట్టింది.

ఛాతిల బిగవట్టుడు, దవడకో చేతికో గుంజుడు, కండ్లు తిరుగుడు, ఇసొంటివి ఉన్నోళ్లు, స్టెంట్ పడ్డోళ్లు, ఏండ్ల తరబడి షుగర్ ఉన్నోళ్లు ముందు డాక్టర్‌ను అడుగుండ్రి, తర్వాతనే స్పీడు. ఇది కూడ ఫ్లెక్సీ మీద రాస్తే నేనే పైసలిస్త.

ఇంకో చేదు ముచ్చట, తిట్టుకోకుండ్రి. మనం నడిచే నడకతోని దమ్ము పెరుగుతలేదు. నాలుగు రౌండ్లు, నలుగురు వరుసగ, ఎమ్మెల్యే ఎవరయితడు, ప్లాటు రేటు ఎంత, కోడలు ఎట్లున్నది, మాట తెగదు. మాట తెగకుండ నడిస్తే మనసుకు మంచిదే, షుగర్‌కు కూడ కొంత మంచిదే, వద్దనను, ఊకె కూసునే కన్న వెయ్యి రెట్లు నయం. గుండెకు మాత్రం అది రోజు చేసే పనే, దానికి కొత్తగ పెరగాల్సిన అవసరం ఏమొచ్చింది? జపాన్ల షిన్షు యూనివర్సిటీవాళ్లు సగటున 63 ఏండ్ల వయసున్న 246 మందితోని ఐదు నెలలు చేసి 2007ల రాసిన్రు. ఒక గుంపు రోజు ఎనిమిది వేల అడుగులు ఒక్క తీరుగ నిమ్మళంగ నడిచింది, ఇంకో గుంపు మూడు నిమిషాలు గట్టిగ, మూడు నిమిషాలు మెల్లగ, గట్ల ఐదుసార్లకు తక్కువ గాకుండ, వారంల నాలుగు రోజులకు పైన. నిమ్మళం గుంపుకు దమ్ము పెద్దగ మారలే. మూడు-మూడు గుంపుకు తొమ్మిది శాతం దాంక పెరిగింది, కాళ్ల బలం పెరిగింది, బీపీ కూడ తగ్గింది. ఇంకో తీరుగ చూస్తే, దగ్గర దగ్గర పదేండ్లు ఎనుకకు తిరిగినట్టు. వాళ్లు ఉరకలే, నడిచిన్రంతే. మోకాళ్ల నొప్పులోళ్లకు సైకిల్ ఉన్నది, భద్రకాళి కట్ట ఉన్నది, పద్మాక్షి గుట్ట మెట్లు ఉన్నయి, మెల్లగ ఎక్కితే మీదికెల్లి ఊరంత కనవడుతది. బతుకమ్మ తొమ్మిది రోజులు చప్పట్లు కొట్టుకుంట గంటన్నర తిరిగే అక్కలకు దమ్ము ఎట్ల వస్తదో నేను చెప్పాల్నా, మిగిలిన మూడొందల యాభై రోజుల సంగతే.

గట్టిగ అంటే ఎంత గట్టిగ అని అడుగుతరు. వాచీ అక్కర లేదు. నోటినుంచి పాట వస్తుందంటే అది మెల్లగ, మాట వస్తుంది పాట రాదంటే సరిపోయే నడక, "ఆ... అవును..." అని ముక్క ముక్క వస్తుందంటే అది గట్టిది. ఆ మూడు నిమిషాలు ఎమ్మెల్యే ముచ్చట బంద్, తర్వాతి మూడు నిమిషాలల్ల తిట్టుకోండ్రి. మొదటి వారం రెండుసార్లే చెయ్యుండ్రి, ఐదుకు తొందర లేదు. నేను కూడ మొదట్ల గింతే. ఒక శనివారం పేషెంట్లు లేకుంటే బెల్ట్ ఎక్కిన, ముప్పై ఆరేండ్ల దాన్ని, పొద్దంత నిలబడి పనిచేస్త కాబట్టి నాకేం తక్కువ అనుకున్న, ఆరు నిమిషాలకు పిండలు వట్టినయి, మా కొత్త పిల్ల స్టాప్ నొక్కింది. 7 మెట్స్. రోజు నేను ఊర్ల వాళ్ల నంబర్లు రాసుడు, నా నంబర్ చూసి సిగ్గైంది. ఎనిమిది నెలలు మూడు-మూడు నడిచినంక పది దగ్గరికి వచ్చిన, మధ్యల డెంగీ వచ్చి నెల ఆగిపోతే మల్ల కిందికి జారింది, మల్ల మొదలువెట్టిన.

కమిటీని నేను అడిగేటివి పెద్దయి కావు. ఒకటి, ఆ ఫ్లెక్సీ తీపియ్యుండ్రి, దాని జాగల లోపలి రెండు వరుసలు ఉరికేటోళ్లకు, గట్టిగ నడిచేటోళ్లకు, బయటి వరుసలు ముచ్చట పెట్టుకుంట నడిచేటోళ్లకు అని సున్నం గీత ఒకటి కొట్టిపియ్యుండ్రి, పోరగాండ్లు ఒక చెవి ఇయర్ ఫోన్ తీయాలె, ఆ కండిషన్ నేనూ ఒప్పుకుంట. ఇంకోటి మన క్యాంప్ రిజిస్టర్ సంగతి. పేరు, వయసు, బరువు, బీపీ, షుగర్ అని ఐదు గీతలు కొట్టి ఉన్నయి, నూట నలభై మందివి, నాలుగేండ్లవి. ఆరో గీత నేనే స్కేల్ పెట్టి కొట్టిన, పైన "దమ్ము" అని రాసిన. అమెరికన్ హార్ట్ అసోసియేషనే 2016ల చెప్పింది, నాడి, బీపీ చూసినట్టు దీన్ని కూడ చూడాలె అని. నా మిషిన్‌ను రావిచెట్టు కిందికి తేలేను గని, ఆరు నిమిషాల నడక పరీక్షకు మిషిన్ అక్కర లేదు. 30 మీటర్లు కొలిచి రెండు కోన్లు పెడితే, ఆరు నిమిషాలల్ల ఎన్నిసార్లు అటు ఇటు తిరిగిన్రో లెక్క. ఉరుకుడు లేదు, ఎగపోస్తే ఆగొచ్చు, మల్ల నడవొచ్చు. ఎన్ని మీటర్లు వచ్చింది అని రాసుకొని మూడు నెలలకోసారి మల్ల చూస్తం. పక్కోనితోని పోటీ పెట్టుకోవద్దు, మీ పాత నంబర్‌తోని చూసుకోండ్రి, మన దగ్గర పోటీ మాటెత్తితే ఎవరో ఒకరు చెప్పులు తెగిందాంక నడుస్తరు.

ఇంకో చిన్నది. పాత టీఎంటీ రిపోర్ట్‌లు ఉన్నోళ్లు ఆ రోజు పట్టుకొని రాండ్రి, నెగెటివ్ అని రాసిన జాగ కింద మెట్స్ లైన్ ఎక్కడుంటదో చూపిస్త, చత్వారం ఉన్నోళ్లు అద్దాలు మర్చిపోవద్దు, అది చిన్న అక్షరాలల్ల ఉంటది.

వచ్చే ఆదివారం ఐదున్నరకు వస్త. టేపు, విజిల్, రెండు కోన్లు మా చెల్లె వాళ్ల స్కూల్‌కెల్లి తెస్తున్న. ఫ్లెక్సీ ఇనుప తీగతోని కట్టిన్రు కద, చేతితోని రాదు, కటింగ్ ప్లయర్ నా స్కూటీ డిక్కీల ఉన్నది, ప్రెసిడెంట్ కాక ఊ అంటే ఐదు నిమిషాల పని. ఫొటోలు ఖరాబు కాకుండ మెల్లగ విప్పుత.

ఇట్లు,
రావిచెట్టు కింద బీపీ చూసే పిల్ల